గడి లేని పొగ

నంద్యాల చెక్‌పోస్టు, పొద్దున పదకొండు.
కార్తీకమైనా కర్నూలు ఎండ కర్నూలు ఎండే.
చెయ్యి అడ్డం పెడితే తెల్లకారు ఆగింది.
అద్దం దిగింది.
లోపలున్న పిల్లోని కన్నా ముందు
మామిడిపండు బయటికొచ్చింది.
కాపు లేని కాలంలో బేనీషా వాసన!
తెల్లగా, తడిగా ఒక మబ్బు
నా టోపీ అంచుకు తగిలి చెదిరిపోయింది.

"ఏందప్పా అది?"
"పెన్‌డ్రైవ్ సార్."
పెన్‌డ్రైవు ఊపిరి వదుల్తాదని
ముప్పై ఏండ్ల సర్వీసులో నాకెవరూ చెప్పలేదు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా,
మా స్టేషన్లో సగం కేసులు
ఆ సామెతను పట్టుకునే నడుస్తాయి.
ఇక్కడ నిప్పు లేదు. బూడిద లేదు.
కాలితో నలిపేయడానికి పీక కూడా లేదు.
సాక్ష్యం గాల్లో కలిసేదాకా
మర్యాదగా నవ్వుతానే ఉన్నాడు వాడు.

చలానా మిషన్ తీసినాను.
హెల్మెట్‌కు గడి ఉంది. ముగ్గురెక్కితే ఉంది.
ఫోను మాట్లాడితే, అద్దాలకు నల్ల కాగితం అంటిస్తే,
నంబరును ముగ్గులా వంకర్లు తిప్పి రాయిస్తే, ఉంది.
మామిడి మబ్బుకు లేదు.
వేలితో కిందికి కిందికి జరిపితే
అట్టడుగున 'ఇతరములు'.
నొక్కితే, సెక్షన్ చెప్పమంటాది మిషను.
వాడూ అదే అడిగినాడు,
"ఏ సెక్షన్ సార్?"

సెట్లో ఎస్సైని పిలిచినాను.
"అమ్మితే నేరం. తెప్పిస్తే నేరం. నిల్వ పెడితే నేరం."
చదివినట్టు చెప్పినాడాయన.
"పీలిస్తే సార్? అదీ బండి తోల్తా?"
సెట్టు కొంచేపు గరగరలాడింది.
"అమ్మినోడెవడో కనుక్కో మద్దిలేటీ. ఓవర్."

"గిఫ్టు సార్," అన్నాడు పిల్లోడు.

మా నాయన బేతంచెర్ల నుంచి
నాపబండల లారీ తోలేవాడు.
ఆయనదీ ఖాకీనే.
తొడ మీద బీడీ రవ్వలు చేసిన చిల్లులు,
అమ్మ మొదట్లో కుట్టేది,
తర్వాత్తర్వాత ఉతికేటప్పుడు లెక్కబెట్టేది, అంతే.
ఒకనాటి రాత్రి గుత్తి రోడ్డు మీద
పెదవి మీది బీడీ నుంచి రవ్వ రాలింది.
నాయన కిందికి చూసినాడు.
తాగలేదు, తూగలేదు, నిద్రపోలేదు.
కిందికి చూసినాడు.
తలెత్తేసరికి
పదకొండు గొర్రెలు.
కాపరి బతికినాడు. కర్ర పట్టుకుని నిలబడి
తెల్లారేదాకా ఒక్కొక్కదాన్నీ
పేరుపెట్టి పిలుస్తానే ఉన్నాడంట.

కాగితంలో 'బ్రేకులు పడలేదు' అని రాసినారు.
బీడీ అనే మాట మొదట్లో లేదు, చివర్లో లేదు.
నాయన మాత్రం చచ్చేదాకా
ఆ బండి బ్రేకుల్ని ఒక్క మాట అననియ్యలేదు.

"మబ్బు వదిలినప్పుడు
ముందద్దంలో ఏం కనపడతాది రా?"
"ఏం కాదు సార్. అర సెకను. పోతాది."

అర సెకను.
ఒక గొర్రె దాటడానికి చాలు.

వెనక ఆటోలు హారన్లు కొడతాన్నాయి.
వాని ఎదమీద చూసినాను, పట్టీ లేదు.
సీటుబెల్టుకు గడి ఉంది.
నొక్కినాను. ఫోటో తీసినాను.
తనకు తెలిసిన మాట విన్నంత సంతోషంగా
మిషన్ కాగితం కక్కింది.
వాడు మారు మాట్లాడకుండా బెల్టు బిగించుకుని,
పెన్‌డ్రైవును జేబులో వేసుకుని,
"థాంక్యూ సార్" అని కూడా అన్నాడు.

కారు పోయినాక తెలిసింది.
అప్పుడు వాళ్లు బ్రేకులని రాసినారు.
ఇప్పుడు నేను బెల్టని రాసినాను.
అదే ఖాకీ. అదే చేతిరాత.

రాత్రి ఇంటికి పోయి
టోపీ కొక్కేనికి తగిలిస్తాంటే
సుంకులమ్మ ముక్కు ఎగబీల్చింది.
"మామిడిపండ్లు తెచ్చినావా? ఇప్పుడా? యాడ దొరికినాయి?"

రెండు చేతులూ తిప్పి చూపించినాను.